పర్లాకిమిడి వైపు మానసిక జబ్బుల మీద ఆడియో కథలు: చెప్పినవాళ్ళు ఊళ్ళో దొరికిపోకుండా పెట్టడం ఎలా?

మహేంద్రతనయ_ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్ళ కోసం ఆన్‌లైన్‌లో చిన్న కథలు పెట్టాలని నలుగురం అనుకుంటున్నాం. మానసిక జబ్బు వచ్చి, వైద్యం చేయించుకుని, మళ్ళీ తమ పనిలో పడ్డవాళ్ళ కథలు, వాళ్ళ మాటల్లోనే. ఈ వైపు సంగతి తెలిసిందే కదా. గాలి సోకిందని, చిల్లంగి పెట్టారని గుణియాల (మంత్రగాళ్ళ) చుట్టూ తిప్పుతారు. అదీ కుదరకపోతే గదిలో పెట్టి తలుపేస్తారు. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్ళినా పక్కింటివాళ్ళకి మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెప్పుకుంటారు.

కథ చెప్పడానికి ముగ్గురు సరేనన్నారు. ఒకామెది కాన్పు తర్వాత వచ్చిన కుంగుబాటు. ఒకాయనకి లేని మాటలు చెవిలో వినిపించేవి. ఒక కుర్రాడిది చేతులు పదే పదే కడుక్కునే ఓసీడీ. మా దగ్గర రెండు ఫోన్లున్నాయి. స్టూడియో లేదు, డబ్బు లేదు.

ముఖం చూపించాలా, గొంతు చాలా? ముఖం మసక చేస్తే సరిపోతుందా? వాట్సాప్ గ్రూపు మేలా, యూట్యూబా? ఎంతసేపు ఉండాలి, ఎక్కడ మొదలెట్టాలి? ఏ మాటలు వాడకూడదు? పిల్లలంతా ఒడియా మీడియం, తెలుగు గబగబా చదవలేరు, మరి తెలుగులో రాసి లాభమేనా? ఇంకొకటి, దీనికే ఎక్కువ భయపడుతున్నాం: కింద కామెంట్లలో ఎవరైనా బతకాలని లేదని రాస్తే ఏం చెయ్యాలి?


జంఝావతి_గట్టు:

ముఖం సంగతి మొదట అడిగారు, మంచిదే. మిగతావి తప్పినా సరిదిద్దుకోవచ్చు, ఇది తప్పితే కుదరదు. పర్లాకిమిడి నుంచి ఏరు దాటితే ఆంధ్ర వైపు పాతపట్నం. సంబంధాలు అటు టెక్కలి, మందస, ఇచ్ఛాపురం దాకా కలుస్తాయి. ఇక్కడ పెట్టిన గొంతు రెండో రోజుకల్లా అక్కడి మేనత్త ఫోన్లో ఉంటుంది.

ఒప్పుకోలు ఒక్కసారి అడిగి వదిలేసేది కాదు, మూడుసార్లు అడగాలి. రికార్డింగుకి ముందు ఒకసారి. కత్తిరింపులన్నీ అయ్యాక, పూర్తి ఆడియో మొదటి నుంచి చివరిదాకా వినిపించి ఇంకోసారి. ఆ తర్వాత వారం ఆగి, పెట్టబోయే ముందు రోజు మూడోసారి. వారం ఎందుకంటే, దాచుకున్నదంతా చెప్పేశాక మనసు తేలికపడుతుంది. ఆ ఊపులో ఎవరైనా "పెట్టేయండి బాబూ, ఏమవుతుంది" అంటారు. ఊపు దిగాక అదే మనిషికి నిద్ర పట్టదు.

"మీకు ఇష్టమేనా" అని అడిగితే అందరూ ఇష్టమే అంటారు. మనుషుల పేరు పెట్టి అడగండి. "దీన్ని మీ అత్తగారు వింటే? మీ బాబు బడిలో మాష్టారు వింటే? ఐదేళ్ళ తర్వాత మీ చెల్లెలికి సంబంధం చూసేటప్పుడు అవతలివాళ్ళు వింటే?" మూడింటికీ జవాబు తడుముకోకుండా వస్తేనే ముందుకెళ్ళండి. ఒక్కదాని దగ్గర ఆగినా ఆ మనిషి గొంతు వద్దు, కథ మాత్రం ఇంకొకరి చేత చదివించండి. జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. పద్దెనిమిది నిండని పిల్లల్ని అసలు పెట్టకండి. మీరు చెప్పిన కుర్రాడి వయసెంతో ముందు చూసుకోండి.

వైద్యం చేస్తున్న డాక్టరు చేతనో, అక్కడి నర్సు చేతనో అడిగించకండి. రేపు మందు చీటీ రాయాల్సిన మనిషి అడిగితే కాదనడం ఎవరికీ నోరు రాదు. ఆస్పత్రిలో వైద్యం పొందుతున్నవారి ఫోటో గానీ వివరం గానీ వాళ్ళ ఒప్పుకోలు లేకుండా మీడియాకి ఇవ్వకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 24వ సెక్షన్ చెబుతుంది. డిజిటల్‌గా దాచిన సమాచారానికీ ఆ గోప్యత వర్తిస్తుంది. ఓపీ వరండాలో సెల్ఫీ వీడియోలు తీసేవాళ్ళకి ఈ ముక్క తెలియదు.

ఇక మనిషి ఎలా దొరికిపోతాడో చూడండి. ఇలాంటి వాక్యం వచ్చిందనుకుందాం: "మా ఆయన కొమ్ము బొమ్మలు చెక్కుతారు. రెండో పాప పుట్టిన ఏడాది, రథయాత్ర రోజుల్లో, పుట్టింటికి గుణుపురం వెళ్ళినప్పుడు మొదలైంది." పేరు లేదు, ఫోటో లేదు. అయినా పర్లాకిమిడిలో కొమ్ము పని చేసే కుటుంబాలెన్ని? అందులో ఇద్దరు ఆడపిల్లలున్నవి ఎన్ని? పుట్టిల్లు గుణుపురం అయినవి? మూడు ముక్కలు కలిపితే ఒకే గుమ్మం దగ్గరికి దారి తీస్తుంది. దాన్ని ఇలా మార్చవచ్చు: "మా ఆయనది చేతిపని. కాన్పయిన రెండు నెలలకి, పుట్టింట్లో ఉన్నప్పుడు మొదలైంది." ఊరు, వృత్తి, పిల్లల లెక్క, పండగ, కులం, వీధి, బస్సు, ఇవి మార్చినా తీసేసినా నష్టం లేదు. జబ్బు ఎలా మొదలైంది, ఎన్నాళ్ళు వైద్యానికి వెళ్ళలేదు, మందు ఎప్పుడు పనిచేసింది, ఎక్కడ తిరగబెట్టింది, ఇవి మాత్రం మార్చకండి. అవి మారిస్తే వినేవాడికి తప్పుడు దారి చూపించినట్టే. వివరాలు మార్చామని మొదట్లోనే ఒక్క మాట చెప్పండి. ఇద్దరి కథ కలిపి ఒకటి చేస్తే అదీ చెప్పండి.

ముఖం మసక చేయడం గురించి: వెనక గోడ, చేతి మీద పచ్చబొట్టు, చీర, మాట మధ్యలో తల ఆడించే తీరు, అన్నీ అలాగే ఉంటాయి. తెలిసినవాడికి అంతే చాలు. దానికి తోడు చీకట్లో కూర్చున్న నల్లటి ఆకారం, బొంగురు చేసిన గొంతు టీవీలో నేరస్థుల్ని చూపించే పద్ధతి. ఏ ముద్ర చెరపాలని బయల్దేరారో దాన్నే మీ చేత్తో వేసినట్టవుతుంది. ముఖం చూపిస్తే నిండు వెలుగులో చూపించండి, లేకపోతే వీడియో మానేసి ఆడియో పెట్టండి.


చెవిటి_మైకు:

రికార్డింగు గురించి నేను రాస్తాను, మిగతావి పెద్దలు చూసుకుంటారు.

స్టూడియో అక్కర్లేదు. బట్టల బీరువా ఉన్న చిన్న గది చాలు. బీరువా తలుపులు తీసి, ఎదురుగా మంచం మీద రెండు బొంతలు, దుప్పట్లు పరవండి. గచ్చు నేల, ఉత్త గోడలు ఉన్న గదిలో గొంతు గుయ్యిమంటుంది, తర్వాత దాన్ని తీయడం కష్టం. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా మోత వస్తుంది, కాసేపు ప్లగ్ తీయండి (మళ్ళీ పెట్టడం మర్చిపోతారు, తలుపుకి చీటీ అంటించుకోండి). ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సరిగ్గా కన్నీళ్ళు వచ్చే చోట బ్యాంకు వాళ్ళ ఫోన్ వస్తుంది.

ఫోన్ నోటికి జానెడు దూరంలో, నేరుగా కాకుండా కొంచెం చెంప వైపు ఉండాలి. నేరుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి మైకుని కొడుతుంది. మాట మొదలెట్టే ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉత్త గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో హోరు తగ్గించేటప్పుడు ఆ పది సెకన్లనే నమూనాగా చూపించాలి. తగ్గింపు 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్య చాలు. అంతకు మించి లాగితే మనిషి నూతిలోంచి మాట్లాడుతున్నట్టు వస్తుంది. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, ఫోన్ స్పీకర్లో అది ఎలాగూ వినపడదు.

మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3గా తీస్తే మూడు నిమిషాల ఆడియో దాదాపు 1.4 ఎంబీ. కొండ ఊళ్ళలో సిగ్నల్ ఒక్క గీత ఉన్నా దిగుతుంది. అదే వీడియో అయితే సగంలో తిరుగుతూనే ఉంటుంది, మనిషి విసిగి పక్కకి జరుపుతాడు.

గొంతు మార్చడం మీద జనానికి లేనిపోని నమ్మకం. రెండు మూడు స్వరాలు కిందికి దించితే దారినపోయేవాడు గుర్తుపట్టడు, నిజమే. కానీ దించినదాన్ని తిరిగి పైకి ఎత్తడానికి అదే యాప్‌లో అదే బటన్ ఉంది. పైగా ఇంటివాళ్ళు గుర్తుపట్టేది స్వరాన్ని కాదు, ఊతపదాన్ని. ప్రతి వాక్యం చివర "అన్నమాట" అనే మనిషిని ఎంత బొంగురు చేసినా చెల్లెలు ఇట్టే పట్టేస్తుంది. కాబట్టి నిజంగా దాగాలంటే వేరే మనిషి చేత చదివించడం ఒక్కటే మార్గం. ఆ చదివేవారు ఈ వైపు యాస ఉన్నవాళ్ళై ఉండాలి. వార్తలు చదివే తెలుగు పెడితే అది విజయవాడ సంగతి, మనది కాదు అనుకుంటారు. కంప్యూటరు గొంతు అయితే మరీ అన్యాయం. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, ఏడుపు మాట కూడా కరెంటు బిల్లులా చదువుతుంది.

వెనక శబ్దాలు కూడా చెవి పెట్టి వినండి. గుడి గంట, స్టేషన్లో అనౌన్స్‌మెంట్, పక్క బడిలో ప్రార్థన, ఇవి ఊరి పేరు చెప్పేస్తాయి. ఏదైనా ఫోటో కలిపితే దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపకండి, తీసిన చోటు వివరం అందులో అలాగే వెళ్తుంది.

నిడివి: మూడు నిమిషాలు, గట్టిగా నాలుగు. మామూలు వేగంతో మూడు నిమిషాలకి దాదాపు 300 మాటలు పడతాయి. రాసుకుని చదివితే చదివినట్టే ఉంటుంది, అందుకని మాట్లాడించండి, గంటసేపైనా ఫర్లేదు, తర్వాత కోసుకోవచ్చు. కోసిన ముక్కలు మాత్రం పని అయిపోగానే చెరిపేయాలి. రెండు ఫోన్లలోనూ, డ్రైవ్‌లోనూ, ట్రాష్ ఫోల్డర్లోనూ. అందరూ ఇక్కడే బద్ధకిస్తారు.


బరంపురం_బండి:

కథలో ఏముండాలన్నది నాకు తెలిసినంత చెబుతాను.

ముద్ర తగ్గడానికి ఏది పనిచేస్తుందని చాలామంది పరిశోధించారు. కోరిగన్ అనే పరిశోధకుడి బృందం 2012లో 14 దేశాల నుంచి 72 అధ్యయనాలు కలిపి చూసింది. పెద్దవాళ్ళలో జబ్బు గురించి పాఠం చెప్పడం కంటే, జబ్బు వచ్చి కోలుకున్న మనిషిని కలవడం ఎక్కువ పనిచేసింది. ఎదురుగా కలిస్తే వీడియోలో చూసినదాని కంటే ఎక్కువ. కౌమారంలో ఉన్న పిల్లల్లో మాత్రం తిరగబడింది, వాళ్ళకి పాఠమే మేలు చేసింది. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ కూడా ఇలా మనిషిని కలవడమే పనిచేస్తుందంది. మన తెలుగు పల్లెల్లో పశ్చిమ గోదావరిలో చేసిన పని ఇంకా దగ్గర ఉదాహరణ. కరపత్రాలు, జబ్బు వచ్చిన మనిషి మాట్లాడిన వీడియో, సినిమా నటుడి వీడియో, నాటకం, అన్నీ వాడారు. జనం ఎక్కువగా చెప్పింది నాటకం గురించీ, ఆ మనిషి మాట గురించీ. ఇంకో విచిత్రం, జబ్బు గురించిన జ్ఞానం పెద్దగా పెరగలేదు గానీ తీరు మారింది, వైద్యానికి వెళ్ళడానికి సిగ్గు తగ్గింది. కాబట్టి కథలో వైద్య పాఠం ఇరికించకండి.

ఒక ఉచ్చు ఉంది. "ఇది మెదడులో రసాయనాల లోపం, షుగరు లాంటిదే" అంటే పని అయిపోయిందనుకుంటారు. దాంతో మనిషిని తప్పుపట్టడం కొంత తగ్గుతుంది. కానీ మెదడే పాడైంది కాబట్టి ఇంక బాగుపడడు అన్న నిరాశ, దూరం పెట్టాలన్న భావం పెరగొచ్చు. "ఫలానా పని మళ్ళీ మొదలెట్టాడు" అన్న ఒక్క వాక్యం ఆ రసాయనాల కంటే గట్టిది.

అందుకే కథ జబ్బు దగ్గర మొదలెట్టకండి. ఏడుపు, అరుపులు, గొలుసులతో మొదలెడితే వినేవాడి బుర్రలో అవే ఉండిపోతాయి, తర్వాత కోలుకున్నాడన్నది చెవికెక్కదు. ఈ రోజు దగ్గర మొదలెట్టండి. "పొద్దున్నే ఐదింటికి పాలు తీసి సొసైటీకి పోసి వస్తాను. రాత్రి పడుకునే ముందు ఒక మాత్ర వేసుకుంటాను. ఆరేళ్ళయింది." అంతే, పదిహేను సెకన్లలో మనిషి ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళండి.

జబ్బుని ఒంటి భాషలో చెప్పించండి. డిప్రెషన్ అంటే మాకు లేదంటారు. "గుండె మీద రాయి పెట్టినట్టుండేది, తెల్లారుజామున మూడింటికే మెలకువ, బిడ్డ ఏడుస్తుంటే వినపడుతుంది గానీ లేవబుద్ధి కాదు" అంటే వింటున్న ఇంకో ఆమె ఉలిక్కిపడుతుంది. గుణియా దగ్గరికో, బెజ్జుణి (కోదుల పూజారిణి) దగ్గరికో వెళ్ళామని వస్తే కోసేయకండి, వెక్కిరించకండి. వినేవాళ్ళలో సగం మంది ప్రస్తుతం అక్కడే ఉంటారు. "అక్కడికీ వెళ్ళాం, ఇక్కడికీ వెళ్ళాం" అంటే వాళ్ళకి దారి తెరుచుకుంటుంది. కొట్టడం, కట్టేయడం జరిగితే మాత్రం అది తప్పని సూటిగా చెప్పాలి.

ఆస్పత్రి భాగం అందరూ ఒక్క వాక్యంలో దాటేస్తారు. జనానికి కావలసింది అదే. చీటీ ఎక్కడ రాయించాలి, లోపల ఏం అడుగుతారు, కరెంటు పెడతారా (అందరికీ ఉన్న భయం ఇదే, చాలామందికి మాటలూ మాత్రలతోనే సరిపోతుందని చెప్పించండి), మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు. కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, నోరు ఎండడం, మత్తు లాంటివి ముందు వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. ఈ ముక్క తెలియకే పదో రోజున మందు మానేస్తారు. బాగుందని నాలుగో నెలలో మానేసి తిరగబెట్టించుకునేవాళ్ళు ఇంకో రకం. కథలో ఆ తప్పు ఉంటే ఉంచండి.

మీ ముగ్గురి గురించి విడిగా ఒక్కో మాట. ఓసీడీ కుర్రాడి కథలో చేతులు కడుక్కోవడం నవ్వులాట అయిపోకుండా చూడండి. తలుపు గొళ్ళెం ముట్టుకుని, చెయ్యి కడుక్కోకుండా, ఆ దడ దానంతట అది తగ్గేదాకా కూర్చోబెట్టే చికిత్స ఉంటుంది. ఆ కూర్చున్న సమయం చెప్పించండి, అదే కథ. మాటలు వినిపించిన ఆయన ఎవరినైనా కొట్టాడా అన్న ప్రశ్న అడగకండి. ఆ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరినీ ఏమీ అనరు, కథలో దెబ్బ వస్తే మాత్రం విన్నవాళ్ళందరికీ దెబ్బే గుర్తుంటుంది. కాన్పు కథ చివర ఒక హెచ్చరిక చేర్చండి: కాన్పయిన తొలి రోజుల్లో బాలింతకి నిద్ర పూర్తిగా పోయి, మాట తడబడి, లేనివి కనిపించడం వినిపించడం మొదలైతే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అది కుంగుబాటు కాదు, వేరే జబ్బు.

ఆత్మహత్య ప్రస్తావన వస్తే ఎలా, ఎక్కడ, దేంతో అన్నవి మూడూ కోసేయండి. పురుగుమందు పేరు అసలు రాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకి చెప్పేదీ ఇదే. "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని పేపర్ల భాషలో అంటాం, అది దొంగతనానికి పాల్పడ్డాడు అన్నట్టుంటుంది. "ఆత్మహత్యతో చనిపోయారు" అంటే చాలు.


మహేంద్రతనయ_ఒడ్డు:

అందరికీ ధన్యవాదాలండీ. బొంతల సంగతి వెంటనే అయిపోతుంది. కుర్రాడికి పంతొమ్మిది నిండాయి. ఒక సందేహం. మాటలు వినిపించిన ఆయన తనే "నన్ను పిచ్చోడన్నారు, వీధిలో పిల్లలు పాగళా అని వెంటపడేవారు" అంటాడు. ఆ మాటలు తీసేయాలా?


బరంపురం_బండి:

తీయొద్దు. తనని ఊరు ఏమందో చెప్పుకునే హక్కు ఆయనది. ఒకసారి చాలు, మళ్ళీ మళ్ళీ వస్తే కోయండి. మీ నోట, శీర్షికలో, ఫోటో మీద మాత్రం ఆ మాట రాకూడదు. "పిచ్చోడనుకున్నారు, కానీ..." అని శీర్షిక పెడితే నొక్కేవాళ్ళు పెరుగుతారు, అంతే, విన్నాక గుర్తుండేది ఆ మాటే. మానసిక రోగులు అనకుండా మానసిక జబ్బు ఉన్నవాళ్ళు అనండి. ఇంకొకటి, ఊళ్ళలో మూర్ఛ, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, మూడూ ఒకే గాటన కట్టేస్తారు. మూర్ఛ మానసిక జబ్బు కాదు. మీ వివరణలో ఆ మూడింటినీ కలిపేయకండి.


గంజాం_గొంతు:

జంఝావతి గారితో సగం ఒప్పుకుంటాను. పెట్టిన పది కథల్లో పదీ ముసుగు వేసినవైతే, ఇది దాచుకోవాల్సిన విషయమే అని ఊరికి చెప్పినట్టు కాదా? ముఖం చూపించడానికి నిజంగా సిద్ధపడినవాళ్ళు ఒక్కరున్నా వాళ్ళని వెనక్కి లాగకండి. సాధారణంగా వయసు మళ్ళినవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయినవాళ్ళు, సొంత పని ఉన్నవాళ్ళు దొరుకుతారు. ఉద్యోగం పోతుందన్న భయం లేనివాళ్ళు.

పైన చెప్పిన పరిశోధన ప్రకారమే ఎదురుగా కలవడం ఎక్కువ పనిచేస్తుంది. కాబట్టి ఆడియోని ఊరికే వదిలేయకుండా, ఎనిమిది పది మంది కూర్చునే చోట వినిపించండి. స్వయం సహాయక సంఘం సమావేశం, ఆశా దీదీ వచ్చే రోజు, అలాంటివి. మూడు నిమిషాలు వినిపించి ఇరవై నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ఎవరి కథో ఊహించే ఆట మొదలైతే అక్కడికక్కడే ఆపాలి, "ఎవరిదైతేనేం, మందు గురించి అడగండి" అని.

ఫలితం చూడాలంటే వ్యూస్ లెక్కపెట్టకండి. రిబ్స్ అనే కొలమానంలో ఎనిమిది ప్రశ్నలుంటాయి, అందులో ఇకముందు ఎలా ఉంటారని అడిగేవి నాలుగు: ఇలాంటి జబ్బు వచ్చిన మనిషితో ఒకే ఇంట్లో ఉంటారా, కలిసి పనిచేస్తారా, పక్కింట్లో ఉంటే ఫర్వాలేదా, స్నేహితుడికి వస్తే స్నేహం కొనసాగిస్తారా. వినిపించే ముందు ఒకసారి, నెల తర్వాత అదే మనుషుల్ని ఇంకోసారి అడగండి. వెంటనే అడిగితే అందరూ మీ మొహం చూసి మంచి జవాబే చెబుతారు.


జంఝావతి_గట్టు:

నిండు వెలుగులో చూపించండి అని నేనూ రాశాను కదండీ. పదిలో ఒకరిద్దరు ముఖంతో ఉంటే మంచిదే. ఆ ఒక్కరి కోసం మిగతావాళ్ళని మొహమాట పెట్టొద్దన్నదే నా గొడవ. ఇంటివాళ్ళని కూడా అడగాలని రాయడం మర్చిపోయాను. అక్క ముఖం చూపిస్తే చెల్లెలి ముఖం చూపించినట్టే.


వంశధార_ఇసుక:

కామెంట్ల ప్రశ్న మిగిలిపోయింది, అది చెబుతాను. ఎక్కడ పెట్టాలన్నదీ దానితోనే ముడిపడి ఉంది.

వాట్సాప్ గ్రూపు వద్దు. గ్రూపులో చేరిన ప్రతివాడి నంబరూ మిగతావాళ్ళకి కనపడుతుంది. మానసిక ఆరోగ్యం గ్రూపులో ఫలానా వారి కోడలు ఉందట అన్న కబురు చాలు, ఆ ఇంట్లో గొడవకి. వాట్సాప్ ఛానెల్ పెట్టండి, అందులో చేరినవాళ్ళకి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆడియో ఫైలుని నేరుగా వదలకండి. ఒకసారి ఫైలు ఫార్వర్డు అయ్యాక మీ చేతిలో ఏమీ ఉండదు. "అందరికీ డిలీట్" నొక్కడానికి మామూలు చాట్లలో దాదాపు రెండున్నర రోజుల గడువే ఉంటుంది, అది కూడా మీరు పంపిన చోటే పోతుంది, ఇంకొకరు పంపినది అలాగే ఉంటుంది. ఒకే బొమ్మ పెట్టి ఆడియోని యూట్యూబ్‌లో ఎక్కించి, ఛానెల్లో లింకు ఇవ్వండి. చెప్పిన మనిషి రేపు వద్దంటే వీడియో తీసేస్తే లింకులన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. ఎవరైనా ముందే దించుకుని ఉంటే ఏమీ చేయలేం, ఆ మాట ఒప్పుకోలు అడిగేటప్పుడే చెప్పాలి.

యూట్యూబ్‌లో కామెంట్లన్నీ మీరు చూశాకే బయటికి వచ్చేలా సెట్టింగు పెట్టండి. ఆపాల్సిన మాటల జాబితా తెలుగు లిపిలో, ఒడియా లిపిలో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, మూడు రకాలుగా రాయాలి. తిట్టే మహానుభావుడు ఏ లిపిలో తిడతాడో తెలియదు కదా. పేరు ఊహిస్తూ వచ్చిన కామెంటు తిట్టు కంటే ప్రమాదం, అది ఎంత మర్యాదగా ఉన్నా తీసేయండి.

రాత్రి పదకొండింటికి పెట్టకండి. పొద్దున తొమ్మిదికి పెట్టండి, మొదటి 48 గంటలు ఎవరో ఒకరు చూస్తూ ఉండేలా నలుగురూ వంతులు వేసుకోండి. బతకాలని లేదని ఎవరైనా రాస్తే దాన్ని బయట పెట్టొద్దు, అలాగని ఊరుకోవద్దు. మీరిచ్చిన నంబరుకి నేరుగా మాట్లాడే దారి ముందే ఉండాలి. అక్కడ సూటిగా అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఇప్పుడు పక్కన ఎవరున్నారు?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ధైర్యంగా ఉండు, పిల్లల్ని చూసి బతుకు లాంటి ఉపన్యాసాలు వద్దు. టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 112. మీరు కౌన్సిలర్లు కారు, అరగంట మాట్లాడి అక్కడికి చేర్చడం వరకే మీ పని.

నంబరు ప్రతి కథ చివర గొంతుతో చెప్పించండి, వివరణలో మాత్రమే రాస్తే ఎవరూ చూడరు. దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పండి: ముందు జిల్లా ప్రధాన ఆస్పత్రి, పెద్ద అవసరమైతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం, అటువైపు వాళ్ళకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. మానసిక డాక్టరు ఏ రోజు కూర్చుంటారో పెట్టే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. అంత దూరం బస్సెక్కి వచ్చిన మనిషికి ఈ రోజు డాక్టరు లేరంటే మళ్ళీ రాడు.

కథ చెప్పిన మనిషికి, అది పెట్టిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి ఫోన్ చేయండి. రికార్డింగుకి వచ్చిన రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వండి. అంతకు మించి ఇస్తే డబ్బు కోసం కథలో ఏడుపు పెంచి చెబుతారు.


కోరాపుట్_కాఫీ:

ఒడియా మీడియం పిల్లల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ళు తెలుగు వింటారు, మాట్లాడతారు, చదవడం దగ్గర తడబడతారు. అందుకే ఆడియో సరైన ఎంపిక. బొమ్మ కింద వచ్చే రాత (సబ్‌టైటిల్స్) తెలుగు మాటనే ఒడియా లిపిలో రాయండి, ఒడియాలోకి అనువదించొద్దు. వినే మాట, చదివే మాట ఒకటే అయితే కళ్ళూ చెవులూ కలిసి నడుస్తాయి. వరసకి ముప్పై అక్షరాలు దాటకుండా, రెండు వరసలే ఉంచండి. ఫోన్ తనంతట తాను వేసే తెలుగు రాతని నమ్మకండి, ఈ వైపు యాసలో "ఏటి", "ఎలిపోనాడు" లాంటి మాటల దగ్గర దానికి మతిపోతుంది. చేత్తో కొట్టుకోవాల్సిందే, మూడు నిమిషాలకి గంట పడుతుంది. గజపతి జిల్లాలో సవర ఇళ్ళకి, రాయగడ వైపు కువి ఇళ్ళకి ఇదే తెలుగు ఆడియో సరిపోతుందనుకోవద్దు. వాళ్ళ మనిషి, వాళ్ళ మాట కావాలి.


మహేంద్రతనయ_ఒడ్డు:

ఛానెల్, వంతులు, నంబరు రాసుకున్నాం. యూట్యూబ్‌లో ఆ ఒకే బొమ్మ ఏది పెట్టాలి? నెట్‌లో వెతికితే తల పట్టుకుని చీకట్లో కూర్చున్న ఆడమనిషి బొమ్మలే వస్తున్నాయి.


చెవిటి_మైకు:

అవి వద్దు. పాల కథకి తోమి బోర్లించిన పాల క్యాను, కాన్పు కథకి తీగ మీద ఆరేసిన చిన్న లంగోటీలు, ఓసీడీ కథకి తలుపు గొళ్ళెం. పగటి వెలుతురులో మీ ఫోన్‌తోనే తీయండి. కథ చెప్పినవాళ్ళ ఇంట్లో కాకుండా మీ ఇంట్లో తీయండి.